పెరట్లో కంపుగొడుగు: కుక్క మూతి పెడితే ఏం చేయాలి, మళ్లీ పెట్టకుండా ఏం చేయాలి

వానలు పట్టిన దగ్గర్నుంచి కార్తీకం వెళ్లేదాకా నన్ను అడిగేవాళ్లు ఒకటే అడుగుతారు. “పెరట్లో ఎలుక చచ్చిన కంపు కొడుతోంది. వెతికితే ఎలుక లేదు గానీ తెల్లటి గుడ్డులాంటిది కనిపించింది. మా కుక్క దాన్ని కొరికేసింది. ఇప్పుడేం చేయాలి?” ప్రతివాళ్లకీ ఫోన్లో విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. సోంపేట వైపు కొబ్బరితోట ఉన్నవాడిని, చిన్నప్పట్నుంచీ కుక్కల మధ్య పెరిగినవాడిని. మందుల మోతాదులు చెప్పను, అవి డాక్టరు చూసుకోవాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు మీ చేతిలో ఉన్న పనులే చెబుతాను.

ఇంగ్లిష్‌లో స్టింక్‌హార్న్ అనే ఈ పుట్టగొడుగుని ఇక్కడ కంపుగొడుగు అందాం. కుళ్లుతున్న కర్ర, వెదురు వేళ్లు, కొబ్బరి మోడు, రంపపు పొట్టు దీని తిండి. ముందు నేలలో తెల్లటి మెత్తటి గుడ్డులా ఉంటుంది. తడి సరిగ్గా తగిలిన రోజున కొన్ని గంటల్లోనే గుడ్డు చీలి కాడ పైకి లేస్తుంది. కాడ కొసన ఆకుపచ్చ, గోధుమరంగు కలిసిన జిగురు ఉంటుంది. కంపంతా ఆ జిగురుదే. ఈగలు చచ్చిన జంతువు అనుకుని వాలి, కాళ్లకి అంటించుకుని విత్తనాలు మోసుకుపోతాయి. కొన్ని రకాలకి కాడ చుట్టూ తెల్లటి జాలీ గౌనులా వేలాడుతుంది, కొన్ని ఎర్రటి చేతివేళ్లలా విచ్చుకుంటాయి. సాయంత్రానికి వాడి నేలకూలతాయి.

మా తోటలో ఇవి బారులు తీరి వచ్చాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడు మేమూ అందరిలాగే పైమాను తీసేసి మోళ్లు వదిలేశాం. కొన్నేళ్లకి ఆ మోళ్ల వెంట, మట్టిలో కప్పబడిపోయిన మాను వెంట, ఎవరో గీత గీసి నాటినట్టు గుడ్లు లేచాయి. పక్కింటి ముసలాయన గోడ మీంచి, “ఏటి బావూ, ఎలక చచ్చినట్టుంది, తీసి పారీ” అన్నాడు. రెండు రోజులు ఎలుక కోసమే వెతికాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కంపుగొడుగు తిన్న కుక్కకి ఎక్కువగా కడుపు గడబిడే అవుతుంది: చొంగ కారడం, వాంతులు, విరేచనాలు. ప్రాణం మీదికి వచ్చేది రెండు సందర్భాల్లో. ఒకటి, అది కంపుగొడుగు అని మీరు అనుకున్నారు గానీ వేరే విషపు గొడుగు అయినప్పుడు. రెండు, మనం చేసిన వైద్యం వల్ల. నేను విన్న కేసుల్లో ఈ రెండోదే ఎక్కువ.

కావలసినవి

రబ్బరు చేతితొడుగులు (లేకపోతే రెండు పాలిథిన్ కవర్లు చేతికి తొడుక్కోండి), పాత కత్తి, పార లేదా గునపం, పొడవాటి కర్ర, కాగితం సంచులు, ఫోను, ఒక రూపాయి బిళ్ల, తెల్లకాగితం, టార్చి, థర్మామీటరు. కుక్కకి గొలుసు. కంపుగొడుగు కోసిన కత్తిని మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లకండి.

అడుగు 1: ముందు కుక్కని అక్కడి నుంచి లాగండి

గొలుసు వేసి వరండాలో కట్టేయండి. తడిగుడ్డ వేలికి చుట్టి బుగ్గల లోపల, నాలుక కింద తుడిచి ముక్కలుంటే తీసేయండి. మీ కుక్క కరిచే రకమైతే ఈ పని మానేయండి, బలవంతం వద్దు. నోట్లో నీళ్లు గుమ్మరించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూతికీ కాళ్లకీ అంటిన జిగురుని సబ్బుతో కడిగేయండి, లేకపోతే అదే మళ్లీ నాకుతుంది.

గడియారం చూసి టైము రాసుకోండి. ఎప్పుడు తిన్నదో మీరు చూడకపోతే, కుక్క చివరిసారి మామూలుగా ఉన్న టైము రాసుకోండి. డాక్టరు మొట్టమొదట అడిగేది ఇదే. తర్వాత అడిగేది కుక్క బరువు. మీరు కుక్కని ఎత్తుకుని తూకం యంత్రం ఎక్కి, దింపేసి మీ ఒక్కరి బరువు చూసి, ఆ రెండిట్లో తేడా కట్టండి.

అడుగు 2: మిగిలినది పారేయకండి

కంగారులో చాలామంది చేసే తప్పు ఇది. అసహ్యంతో ముందు దాన్ని ఎత్తి పారేస్తారు, తర్వాత డాక్టరుకి చూపించడానికి ఏమీ ఉండదు. మిగిలిన ముక్కల్నీ, పక్కన మొలిచిన మరో గుడ్డునీ వేళ్లతో సహా తవ్వి కాగితం సంచిలో వేయండి. పాలిథిన్‌లో అయితే చెమట పట్టి ముద్దయిపోతుంది. ఫొటోలు మూడు వైపుల నుంచి తీయండి: పైనుంచి, కింది నుంచి, మొదలు దగ్గర. సైజు తెలియడానికి పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. కుక్క కక్కితే అందులోంచి కూడా కాస్త వేరే సంచిలో తీసి ఉంచండి.

ఒక జాగ్రత్త. తెల్లటి గుడ్లు కనబడగానే చేయి పెట్టకండి. మా వైపు వీటిని చూసి పాముగుడ్లని భయపడి పారిపోయినవాళ్లున్నారు, అదేం తెలివితక్కువ భయం కాదు. కొబ్బరి పొట్టు కుప్ప కింద నిజంగానే పాము ఉండొచ్చు. ముందు కర్రతో కదపండి. పాముగుడ్లు కోలగా, తోలులా ఉండి నేలకి అతుక్కోకుండా పడి ఉంటాయి. కంపుగొడుగు గుడ్డుకి అడుగున తెల్లటి దారంలాంటి వేరు ఉంటుంది, లాగితే మట్టితో సహా వస్తుంది.

అడుగు 3: గుడ్డుని నిలువునా కోసి చూడండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, తొందరపడకండి. కత్తితో పైనుంచి కిందికి రెండు చెక్కలు చేయండి. అడ్డంగా కోస్తే ఏమీ అర్థం కాదు.

కంపుగొడుగు అయితే: పైతోలు కిందే చుట్టూ మందంగా జెల్లీ పొర ఉంటుంది, తాటిముంజెలా జారుతుంది. దాని లోపల ఆకుపచ్చటి ముద్ద. మధ్యలో నొక్కిపెట్టిన స్పాంజిలాంటి తెల్లటి కాడ. ఈ మూడూ కనబడాలి.

జెల్లీ లేకుండా, లోపల చిన్న గొడుగు బొమ్మ గీసినట్టు టోపీ, కాడ, సన్నటి రెక్కలు కనిపిస్తే అది కంపుగొడుగు కాదు. అమానిటా జాతి గొడుగులు పిందెగా ఉన్నప్పుడు ఇలాగే గుడ్డులో ఉంటాయి. వాటిలో కొన్ని కాలేయాన్ని చంపేస్తాయి. ఇక ఇంట్లో చూసుకోవడం మాట వదిలేసి అడుగు 4లో ‘వెంటనే బయల్దేరాల్సినవి’ చదవండి.

లోపలంతా రొట్టెముక్కలా ఒకే తెలుపు ఉంటే అది బంతిగొడుగు. గట్టిగా ఉండి లోపల నల్లగా, ఊదాగా ఉంటే బంతిగొడుగులాగే కనిపించే వేరే రకం, అది వాంతులు తెప్పిస్తుంది.

గుడ్డు కాకుండా విప్పారిన తెల్లటి గొడుగుని, గడ్డిలో మొలిచి టోపీ మీద గోధుమరంగు పొలుసులున్నదాన్ని తిన్నదా? దాని టోపీని తెల్లకాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దుటికి కాగితం మీద ఆకుపచ్చటి పొడి రాలితే అది క్లోరోఫిల్లమ్ అనే రకం. వానలకి పచ్చికలో వలయంలా లేస్తుంది. కుక్కకైనా మనిషికైనా గంటల తరబడి వాంతులు, విరేచనాలు పట్టిస్తుంది. పొడి రాలేదాకా డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఆగమని మాత్రం కాదు. కాగితం పని కాగితం చేసుకుంటుంది, మీరు బయల్దేరండి.

నాలుకతో రుచి చూడడం, వెండి నాణెం నల్లబడుతుందేమో చూడడం, చీమలు పట్టాయా లేదా చూడడం: వీటిలో ఏదీ పరీక్ష కాదు. “కొండ మీద మావాళ్లు పుట్టగొడుగులు తింటారు, ఏమీ కాదు” అనేదీ పరీక్ష కాదు. సీతంపేట, కురుపాం వైపు వానల్లో దోసిళ్లతో పోసి అమ్మే పుట్టగొడుగులు చెదపుట్ట మీద మొలిచేవి, వాటి జాతే వేరు. జాలీ గౌను రకాన్ని చైనాలో ఎండబెట్టి వండుకుంటారన్నది నిజమే. కంపు జిగురున్న కొసనీ, కాడ మొదట్లో సంచిలా మిగిలే గుడ్డు తోలునీ తీసేసి వాడతారు. మీ కుక్క అవన్నీ తీసి తినదు కదా.

అడుగు 4: వెంటనే బయల్దేరాలా, ఇంట్లోనే చూడాలా

వెంటనే బయల్దేరాల్సినవి ఇవి. కోస్తే జెల్లీ పొర కనిపించలేదు. ఏం తిన్నదో మీకు తెలియదు. మూడు నెలల లోపు కూన, ముసలి కుక్క, లేక కడుపుతో ఉన్న కుక్క. ఆగకుండా కక్కుతోంది, లేదా వాంతిలో, విరేచనంలో రక్తం ఉంది. తూలుతోంది, వణుకుతోంది, ఫిట్స్ వస్తున్నాయి. కళ్లలో నీళ్లు, చొంగ, మూత్రం, విరేచనం అన్నీ ఒకేసారి కారుతున్నాయి. చిగుళ్లు పాలిపోయాయి లేదా పచ్చబడ్డాయి.

చొంగ, మూత్రం ఒక్కసారి కారిపోవడం మస్కరిన్ అనే విషం ఉన్న గొడుగుల లక్షణం. తిన్న అరగంట, రెండు గంటల మధ్యలో మొదలవుతుంది. డాక్టరు దగ్గర దీనికి విరుగుడు ఉంది. పొలంలో చల్లే గుళికలు తిన్నా కుక్క అచ్చం ఇలాగే అవుతుంది. కాబట్టి ఇంట్లో, పక్క పొలంలో గుళికలు వేసి ఉంటే దాచకుండా చెప్పండి. మూతి ఒక పక్క వాచి ఉంటే పుట్టగొడుగు మాట పక్కన పెట్టి పాముకాటేమో చూడమనండి.

మోసం చేసేది కాలేయాన్ని తినే రకం. దీనికి మొదటి 6 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, కుక్క హాయిగా తిరుగుతుంది. తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఒక రోజు తర్వాత తగ్గినట్టు కనబడుతుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. రెండో రోజుకో మూడో రోజుకో కళ్లు పచ్చబడతాయి, అప్పటికి ఆలస్యమైపోతుంది. అమానిటాలో కొన్ని, చిన్న చిన్న లెపియోటా రకాల్లో కొన్ని ఈ విషం ఉన్నవి. గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క ఒకటే: తిన్న గంటలోపు కక్కితే అది సాధారణంగా కడుపుని రేపే రకం, 6 గంటలు దాటాక కక్కడం మొదలుపెడితే భయపడాల్సిన రకం. త్వరగా కక్కింది కదా అని పూర్తిగా ధీమా పడకండి, రెండు రకాలూ కలిపి తిని ఉండొచ్చు.

ఎక్కడికి వెళ్లాలి? దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రికి ముందు ఫోన్ చేసి డాక్టరు ఉన్నారా అని కనుక్కోండి, ఆదివారాలు మరీ ముఖ్యంగా. 1962 నంబరుకి చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. ఆ బండి వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోకండి, ఆటో మాట్లాడుకోండి. విజయనగరం జిల్లావాళ్లకి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఇచ్ఛాపురంవాళ్లకి శ్రీకాకుళం కంటే బరంపురమే దగ్గర.

ఇంట్లోనే చూడొచ్చు అనాలంటే ఈ మూడూ కలవాలి: కోసి చూస్తే కంపుగొడుగేనని తేలింది, కుక్క ఎదిగినదీ ఆరోగ్యంగా ఉన్నదీ, కక్కినా ఒకటి రెండుసార్లు కక్కి తేరుకుంది. ఒక్కటి కలవకపోయినా బయల్దేరండి.

అడుగు 5: 24 గంటల కాపలా

వాంతి ఆగాక రెండు మూడు గంటలు తిండి పెట్టకండి. కూనలైతే అంతసేపు మాడ్చకూడదు, డాక్టర్ని అడగండి. నీళ్లు గిన్నెడు ఒకేసారి పెట్టకుండా నాలుగు గుక్కలు, అరగంటకి మళ్లీ నాలుగు గుక్కలు. కొబ్బరినీళ్లు పట్టొచ్చా అని ఉద్దానంవాళ్లు తప్పకుండా అడుగుతారు. రెండు గుక్కలు పర్వాలేదు గానీ, వాంతులు ఆగని కుక్కకి అది మందు కాదు. ఆ తర్వాత మెత్తటి అన్నంలో ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం కొద్దిగా కలపండి. ఉల్లిపాయ వేసిన పులుసు పొయ్యకండి, ఉల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తుంది.

రెండు గంటలకోసారి ఇవి చూసి కాగితం మీద రాయండి:

చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు 2 సెకన్లలో మళ్లీ గులాబిరంగుకి రావాలి. ఆలస్యమైతే ఒంట్లో నీరు తగ్గుతోందని అర్థం. నల్ల చిగుళ్ల కుక్కకి ఇది కనబడదు, కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి.

మెడ మీద తోలు పట్టి లేపి వదలండి. వెంటనే సర్దుకోవాలి, గుడారంలా నిలబడిపోకూడదు.

జ్వరం థర్మామీటరుకి నూనె రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ కుక్కకి మామూలే. మన లెక్కలో 101 జ్వరమని టెన్షన్ పడి మాత్ర వేసినవాళ్లున్నారు, వేయకండి.

మూత్రం పోసిందా, పోస్తే రంగేమిటి. పసుపుముద్దలా చిక్కగా ఉంటే ఫోన్ చేయండి.

కళ్ల తెల్లగుడ్డు పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైటు కింద పసుపు తెలియదు.

చేయకూడనివి, మన ఇళ్లలో చేసేవే

ఉప్పునీళ్లు పట్టి కక్కించడం మొదటిది. తెలిసినవాళ్ల చిన్న కూనకి ఎవరో చెప్పారని గ్లాసుడు ఉప్పునీళ్లు పట్టారు. అది పుట్టగొడుగు ఎంత తిన్నదో గానీ, ఉప్పుతోనే ఫిట్స్ వచ్చి రెండు రోజులు సెలైన్ మీద ఉంది. ఉప్పు ఎక్కువైతే మెదడుకి దెబ్బ. కక్కించాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం. తూలే కుక్కని కక్కిస్తే ఆ వాంతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పాలు, నెయ్యి, ఆముదం, వేపరసం విషానికి విరుగుడు కావు. పారాసిటమాల్ అసలే వద్దు. పిల్లికైతే అర మాత్రైనా ప్రాణం తీయగలదు. పిల్లులు ఈ కంపు జోలికి పెద్దగా పోవు గానీ, కాళ్లకి అంటిన జిగురు నాక్కుంటాయి, కడిగితే సరిపోతుంది. విత్తనాలు కడుపులోకి పోయి మొలుస్తాయేమో అనేది ఇంకొకరి భయం. మొలవవు.

అడుగు 6: పెరడు శుభ్రం చేయడం

కుక్క కోలుకున్నాకే ఈ పని పెట్టుకోండి. పొద్దున్నే, గుడ్డు ఇంకా పగలకముందు తీయడం తేలిక. జిగురు బయటపడ్డాక ఈగలు ముందుంటాయి, మీరు వెనకుంటారు. పారతో గుడ్డు చుట్టూ బెత్తెడు దూరంలో తవ్వి, తెల్లటి దారాలు వెళ్లినంత మేర మట్టితో సహా తీయండి. రెండు కవర్లలో గట్టిగా కట్టి చెత్తబండికి ఇవ్వండి. బండి రాని ఊరైతే కవర్లోంచి తీసి రెండడుగుల లోతున పాతి, పైన బండరాయి పెట్టండి. రాయి లేకపోతే ఆ రాత్రే కుక్క తవ్వేస్తుంది, మాది తవ్వింది.

పైన గుడ్లు ఏరినంత మాత్రాన పోదు. లోపల కుళ్లే కర్ర ఉన్నంతకాలం వస్తూనే ఉంటాయి. మోడు పీకించగలిగితే పీకించండి. ఖర్చు ఎక్కువ అనుకుంటే మోడు చుట్టూ కుక్క రాకుండా వల కంచె కట్టి, దానంతట అది కుళ్లిపోయేదాకా ఓపిక పట్టడం కూడా మార్గమే. నేను అదే చేశాను. మొక్కల మొదట్లో పరిచే కొబ్బరిపొట్టు, రంపపు పొట్టు కుక్క తిరిగే చోట మానేసి, ఎండిన ఆకు పల్చగా వేయండి. వెదురు పొద ఉంటే అడుగున రాలిన కంప తీసేస్తూ ఉండండి. పొద్దున పోయాల్సిన నీళ్లు సాయంత్రం పోయకండి, రాత్రంతా నేల తడిగా ఉండడం దీనికి పండగ.

బ్లీచింగ్ పౌడరు, మైలుతుత్తం, శిలీంద్రాల మందు చల్లితే పైది చస్తుంది, లోపలి దారం బతికే ఉంటుంది, కుక్క మాత్రం ఆ మందు నాకుతుంది. గుళికలు వేద్దామన్న ఆలోచన వస్తే పారని పక్కన పెట్టి ఇంట్లోకి వెళ్లి టీ తాగండి. కంపుగొడుగుతో రెండు వాంతులు అయ్యే కుక్క, గుళికలతో ఉదయానికి ఉండదు.

అడుగు 7: కుక్కకి నేర్పించడం

“వదులు” అన్న ఒక్క మాట నేర్పండి. మూసిన గుప్పిట్లో బిస్కెట్ ముక్క పెట్టి, అది మూతి వెనక్కి తీసుకున్న క్షణంలో రెండో చేత్తో వేరే ముక్క ఇవ్వండి. రోజుకి ఐదు నిమిషాలు చాలు. గుప్పిట్లోది మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి, అదే అందరూ చేసే పొరపాటు. ఎంత నేర్పినా తిండిపోతు కుక్కలుంటాయి. వాటికి వానల్లో పెరట్లోకి వదిలే పది నిమిషాలూ మూతికి బుట్ట తొడగండి, ఎడ్లకి చిక్కం కట్టినట్టే. నోరు తెరిచి రొప్పడానికి వీలుండే బుట్ట కావాలి, బిగుతు గుడ్డది వద్దు.

పని అయిందా లేదా ఎలా తెలుసు

కుక్క సంగతి: 24 గంటల్లో వాంతి లేకుండా రెండుసార్లు తిని, మామూలు విరేచనం చేసి, గేటు దగ్గర కొత్తవాళ్లని చూసి మొరిగితే కంపుగొడుగు కేసు తీరినట్టే. ఏం తిన్నదో అనుమానం మిగిలిన కేసులో అది చాలదు. డాక్టర్ని అడిగి 24 గంటలకీ 48 గంటలకీ కాలేయం రక్తపరీక్ష చేయించండి, బయటికి ఎంత హుషారుగా ఉన్నా సరే.

పెరటి సంగతి: తవ్విన చోట పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. తర్వాతి పెద్ద వాన పడిన మూడో రోజు నుంచి వారం దాకా, రోజూ తెల్లవారుజామున టార్చి వేసుకుని ఆ పుల్లల చుట్టూ రెండడుగుల మేర చూడండి. మట్టి కోడిగుడ్డంత ఉబ్బి పగిలినట్టు ఉంటే కిందో గుడ్డు ఉంది. కళ్లకి దొరకకపోతే నీలిరంగు ఈగలు ఎక్కడ ముసురుతున్నాయో చూడండి. మా పెరట్లో మొదటి ఏడు ఇరవై దాకా తీశాను, కిందటి వానలకి మూడు వచ్చాయి. ఆ మూడూ నాకంటే ముందు మా కుక్కే కనిపెట్టింది. ఈసారి మూతి పెట్టకుండా దూరంగా కూర్చుని మొరిగింది.